తెల్లదారం కట్టిన షీటు

రికార్డు రూములో పనిచేసే ఆయన్ని ఆస్పత్రిలో పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. కట్టలాయన అంటే చాలు, నిన్నగాక మొన్న చేరిన నర్సు కూడా మెట్ల కింద గది వైపు వేలు చూపిస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన పని ఒకటే. వార్డుల్లోంచి దిగిన కేసు షీట్లను నంబరు ప్రకారం సర్ది, దారంతో కట్టి, అరల్లో పెట్టడం. నయమై ఇంటికెళ్ళినవాళ్ళ షీటుకు తెల్లదారం. ఆస్పత్రిలోనే పోయినవాళ్ళ షీటుకు ఎర్రదారం. ఈ పద్ధతి ఎవరూ చెప్పింది కాదు, ఆయన సొంతం. అడిగితే, "అరలో చెయ్యి పెట్టేవాడికి గుండె ముందే సిద్ధంగా ఉండాలి కదండీ" అనేవాడు.

మహా గట్టి మనిషి లెండి. పెద్ద డాక్టరు స్వయంగా దిగి వచ్చినా సంతకం లేనిదే షీటు గుమ్మం దాటేది కాదు. "నా గదిలో చీమ కూడా నంబరు వేయించుకునే తిరుగుతుంది" అని మీసం మెలేసేవాడు. అలాంటివాడు ఒక షీటును పదకొండేళ్ళుగా దాచిపెట్టాడంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మాలి. ఆయన బల్ల సొరుగులో, పాత రిజిస్టర్ల అడుగున ఉంది అది. తెల్లదారంతో కట్టి ఉంది. నిజానికి కట్టాల్సింది ఎర్రదారం, చెయ్యి రాలేదు. అది ఆయన భార్య షీటు.

దాన్ని ఆయన ఒక్కసారీ విప్పలేదు. జనం పేపరు చదివినట్టు ఊరందరి షీట్లూ చదివే మనిషి, ఆ ఒక్కటి మాత్రం చదవలేకపోయాడు. చదవకుండానే అందులో ఏముందో తనకు తెలుసనుకున్నాడు. పొద్దున తొమ్మిదింటికి వార్డులో చేర్చిన మనిషిని సాయంత్రం ఆరు దాకా ఆపరేషన్ బల్ల ఎక్కించకుండా చూస్తూ కూర్చున్నాడు ఆస్పత్రి పెద్ద సర్జను. తొమ్మిది గంటలు! మూడో రోజున ఆమె పోయింది. ఆ రోజు వరండాలో, అందరూ చూస్తుండగా, కట్టలాయన ఆ సర్జను ముందు నిలబడి, "నా పెళ్ళాన్ని తొమ్మిది గంటలు మంచం మీద పడేసి చంపేశావు కదయ్యా" అని అరిచాడు. సర్జను తల దించుకుని వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు దించుకుంటాడు తల? అందరూ అలాగే అనుకున్నారు. కట్టలాయన మరీ అనుకున్నాడు. ఆ తర్వాత పదేళ్ళపాటు ఆయన ఎదురైతే ఈయన గోడ వైపు తిరిగేవాడు. నిరుడు ఆ సర్జను పోతే, ఆస్పత్రి అంతా లేచి ఒక నిమిషం మౌనంగా నిలబడింది. మెట్ల కింద గదిలో ఒక్కడు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. కావాలనే లేవలేదు.

కథ ఇలా ఉండగా ఒకరోజు ఒక చిన్న డాక్టరమ్మ చేతిలో ఉత్తరంతో దిగింది. పెద్ద చదువు చదువుతోంది, దానికి ఒక పరిశోధన చెయ్యాలట.

"బాబాయ్, పన్నెండేళ్ళ అపెండిసైటిస్ కేసులన్నీ కావాలి నాకు. పిల్లలు, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఒక్కటీ వదలకుండా."

"ఇరవై నాలుగు గంటల నొప్పా అమ్మా?" అన్నాడు కట్టలాయన. జనం దాన్ని అలాగే అంటారు మరి.

"ఆ మాట పెట్టినవాడెవడో గానీ దొరికితే నాలుగు తగిలించాలి. ఇరవై నాలుగు గంటలు దాటితే అది కాదనుకుని ఇంట్లో కూర్చుంటారు జనం."

కట్టలాయన నవ్వబోయి ఆగిపోయాడు. రిజిస్టరు తీసి నంబర్లు రాసుకున్నాడు. నాలుగు వందల పన్నెండు వచ్చాయి. అందులో ఒక నంబరు రాసేటప్పుడు కలం కొంచెం ఆగింది గానీ, ఆమె చూడలేదు.

ఆ మర్నాటి నుంచి రోజూ భోజనాల వేళ దాటాక డాక్టరమ్మ వచ్చి ఎదురుబల్ల దగ్గర కూర్చునేది. కట్టలాయన ఇరవై షీట్లు దించి పెట్టేవాడు. పొడుగాటి కాగితాల మీద గడులు గీసిపెట్టే పని కూడా తనే నెత్తిన వేసుకున్నాడు. ఆవిడ గీసే గీతలు వంకర టింకరగా ఉండేవి మరి. వయసు, ఆడా మగా, నొప్పి మొదలయ్యాక ఎన్నో రోజున వచ్చారు, ఆలస్యానికి కారణం, చివరికి ఏమైంది. స్కేలు పెట్టి, నాలుక కొంచెం బయటపెట్టి, పెళ్ళిచూపులకు పిల్లకు బొట్టు పెట్టినంత శ్రద్ధగా గీసేవాడు.

ఆవిడకు నోరు ఊరుకోదు. చదువుతూ చదువుతూ చెబుతుండేది.

"ఈ పిల్లాణ్ణి చూడండి బాబాయ్, తొమ్మిదేళ్ళు. బడి ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నాడని టీచరు బెంచీ ఎక్కించిందట. బెంచీ మీదే పడిపోయాడు."

"బతికాడామ్మా?"

"తెల్లదారం కట్టింది మీరే కదా."

ఇంకోరోజు డెబ్భై నాలుగేళ్ళ పెద్దాయన షీటు. నొప్పి లేదట, జ్వరం లేదట, అన్నం సయించడం లేదని మాత్రం అన్నాడట. లోపల చూస్తే పగిలి నాలుగు రోజులు. ముసలి ఒళ్ళు గట్టిగా అరవలేదు బాబాయ్, అంది. మరో షీటులో పదహారేళ్ళ పిల్ల. నెలనెలా వచ్చే నొప్పేలే అని తల్లి వేడినీళ్ళ సంచీ పెట్టింది. ఇంకో షీటులో ఏడోనెల గర్భిణి. బిడ్డ పెరిగి పేగును పైకి నెట్టేసింది కాబట్టి నొప్పి ఎక్కడో డొక్క కింద వచ్చింది, ఎవరికీ అంతుపట్టలేదు. ఆ మధ్యలో ఒక లారీ డ్రైవరు. నొప్పి మొదలైన గంటకే నడిరోడ్డు మీద బండి ఆపేసి, చచ్చిపోతున్నానని వీధి అదిరేలా అరుచుకుంటూ వచ్చాడు. ఆరో రోజున నడిచి ఇంటికెళ్ళాడు.

"మగాడికి నొప్పొస్తే ఊరికంతా నొప్పే" అని నవ్వింది డాక్టరమ్మ. వెంటనే నవ్వు ఆపి కాగితం ఆయన వైపు తిప్పింది. "నవ్వులాట కాదు బాబాయ్, ఈ వరస చూడండి. మగవాళ్ళలో సగానికి పైగా మొదటి రోజే వచ్చేశారు. ఆడవాళ్ళు రెండో రోజు, మూడో రోజు."

"వాళ్ళకి ఓర్పెక్కువ కదమ్మా."

"ఓర్పా నా మొహమా! వంటయ్యాక వస్తారు. పిల్లల్ని బడికి పంపాక వస్తారు. ఇంట్లో తీసుకురావలసిన మనిషికి తీరిక దొరికాక వస్తారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కట్టలాయన చెయ్యి మెడ మీదికి పోయింది. ఆవిడ పాపం ఎవరినీ ఉద్దేశించి అనలేదు.

ఇక్కడ ఆ మూడు రోజుల సంగతి చెప్పాలి. ఆయన ఎవరికీ చెప్పనిదే అయినా, చెప్పకపోతే కథ నడవదు. పదకొండేళ్ళ కిందట ఒక సోమవారం పొద్దున ఆయన భార్య, "ఏవండీ, బొడ్డు దగ్గర ఏదో మెలిపెడుతోంది" అంది. ఆ గురువారమే ఆస్పత్రికి తనిఖీ. పై అధికారులు రికార్డు రూము చూడటానికి వస్తున్నారు. ఈయన వారం నుంచి అరలు దులపడం, చీటీలు అంటించడం, నిద్రలో కూడా నంబర్లే. "నీకూ సమయం చూసుకునే వస్తుందే నొప్పి" అన్నాడు షర్టు గుండీలు పెట్టుకుంటూ. విసుక్కోలేదు, నవ్వుతూనే అన్నాడు. మందుల గదిలో స్నేహితుణ్ణి అడిగి గ్యాసుకు ఇచ్చే గులాబీరంగు మందు సీసా తెచ్చి ఇచ్చాడు.

మంగళవారం ఆమె అన్నం ముట్టలేదు. "ఇవాళ కుడివైపుకి దిగిందండీ" అంది. "గ్యాసు తిరుగుతోందిలే, అదే పోతుంది" అన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళవచ్చు, తను పనిచేసేదీ అక్కడే కదా. అక్కడే ఉంది తిరకాసు. సిబ్బంది పెళ్ళాలకు తుమ్మొచ్చినా డాక్టరు కావాలని వార్డుల్లో వేళాకోళం ఆడేవాళ్ళు. తనిఖీ ముందు ఆ మాట పడటం ఇష్టం లేకపోయింది ఆయనకు. దీపం కింద చీకటి అంటే ఇదే. బుధవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె లేచి కూర్చుని ఉంది. "పోయిందండీ నొప్పి, ఒక్కసారిగా పోయింది" అంది. "చూశావా, నా మందు!" అని ఈయన మీసం మెలేశాడు. ఆమె కూడా నవ్వింది. గురువారం పొద్దున గిన్నెలు తోముతూ నేలకు ఒరిగిపోయింది.

కాబట్టి ఆయన లెక్కలో నొప్పులు రెండు. మొదటిది గ్యాసు, మందుతో పోయింది. రెండోది గురువారం పొద్దున కొత్తగా వచ్చింది, అది అపెండిసైటిస్. గంటలోపే తీసుకొచ్చాడు తను. ఆలస్యం చేసింది సర్జను. పదకొండేళ్ళుగా ఈ రెండు నొప్పుల మధ్య గోడ కట్టుకుని, ఆ గోడకు ఆనుకునే బతుకుతున్నాడు మనిషి.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ ఏదో షీటు చూస్తూ, "అయ్యో" అంది.

"ఏంటమ్మా?"

"నొప్పి ఒక్కసారిగా పోయిందని ఇంట్లోవాళ్ళు సంబరపడ్డారట. అదే బాబాయ్ దీంతో వచ్చే మోసం. ఉబ్బి ఉబ్బి ఉన్నది లోపల పగులుతుంది. పగిలితే బిగువు పోతుంది కదా, హాయిగా ఉంటుంది. తగ్గిందనుకుంటారు. ఆ తర్వాత కడుపంతా పాకుతుంది."

స్కేలు జారి గీత వంకర పోయింది. కట్టలాయన ఆ కాగితం నలిపి బుట్టలో వేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన గీసిన గీత వంకర పోవడం అదే మొదలు.

"ఒంట్లో బాగాలేదా బాబాయ్?"

"స్కేలు అంచు అరిగిందమ్మా" అన్నాడు.

చివరి వారం వచ్చింది. నాలుగు వందల పదకొండు షీట్లు అయ్యాయి. డాక్టరమ్మ రిజిస్టరు ముందేసుకుని ఒక నంబరు మీద వేలు పెట్టింది.

"ఇదొక్కటి కనపడలేదు బాబాయ్."

"చెదలు పట్టిందమ్మా."

తన గదిలో చెదలు! ఆ మాట తన నోటే వచ్చినందుకు ఆయనకే ఒళ్ళు జలదరించింది. ఆవిడ మాత్రం నమ్మింది. కట్టలాయన అబద్ధమాడతాడని ఎవరనుకుంటారు?

"ఛ, ముఖ్యమైనదే పోయింది. చూడండి, రిజిస్టరులో ఉంది. ఆడమనిషి, ముప్పై ఎనిమిదేళ్ళు. తొమ్మిదింటికి చేరింది, ఆరింటికి ఆపరేషన్, మూడో రోజు పోయింది. ఆ వయసు వాళ్ళలో మొదటి రోజే వచ్చి పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈమె ఎప్పుడొచ్చిందో తెలియాలి. తొందరగానే వచ్చి ఉంటే, ఆలస్యం ఆస్పత్రిదే అని రాయాలి నేను. ఆ సర్జను లేకపోయినా సరే, రాయాలి."

పదకొండేళ్ళుగా కట్టలాయన వినాలనుకున్న మాట అది. చదువుకున్న డాక్టరు, తనకు ఏ చుట్టరికమూ లేని మనిషి, కాగితం మీద రాస్తానంటోంది. ఒకవైపు ఆ వంకర గీత గుర్తొచ్చి భయం. ఇంకోవైపు ఆ భయాన్ని శాశ్వతంగా పూడ్చిపెట్టగలిగే మందు చేతికి అందుతోందన్న ఆశ. ఆశే నెగ్గింది. లేచి సొరుగు లాగాడు. రిజిస్టర్లు ఒక్కొక్కటీ తీసి కింద పెట్టి, అడుగున ఉన్నది తెచ్చి ఆవిడ ముందు ఉంచాడు.

"ఇదిగోనమ్మా. పైకి చదవండి. నేను వింటాను."

డాక్టరమ్మ వింతగా చూసింది గానీ అడగలేదు. తెల్లదారం చూసి, "పోయిన మనిషికి ఇదేంటి బాబాయ్?" అంది. ఆవిడ ముడి విప్పింది.

"నొప్పి ఎప్పటినుంచి: ఈ ఉదయం ఐదు గంటల నుంచి. అంతకుముందు నొప్పి లేదని రోగి చెప్పింది. మళ్ళీ అడిగినా అదే చెప్పింది. భర్త ఇదే ఆస్పత్రిలో…" అక్కడ ఆగిపోయింది. కాగితం మీంచి కళ్ళెత్తి ఆయన్ని చూసింది. "బాబాయ్…"

"చదవండమ్మా."

"భర్త ఇదే ఆస్పత్రిలో రికార్డు రూము ఉద్యోగి." ఆవిడ గొంతు తగ్గింది. "నొక్కి చూస్తే కడుపు కొంచెం బిగువుగా ఉంది, నొప్పి లేదంటోంది. ఇప్పుడే మొదలైనట్టుంది కనుక కొన్ని గంటలు చూసి నిర్ణయించాలి. రెండు గంటలకు: నొప్పి తగ్గిందంటోంది, ఇంటికి పంపమంటోంది. భర్తకు ఈ రోజు తనిఖీ ఉందంటోంది. నాలుగు గంటలకు: నాడి వేగం పెరిగింది. ఆపరేషన్‌కు సిద్ధం చేయాలి."

కట్టలాయన బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ పొద్దున తను చేర్పించే చీటీ రాయించడానికి కిటికీ దగ్గర నిలబడ్డాడు. లోపల ఆమె ఏం చెప్పిందో వినలేదు. సిబ్బంది అయ్యుండి మూడు రోజులు ఇంట్లో పెట్టుకున్నాడా అని తన మొగుణ్ణి నలుగురిలో తిడతారని, తనిఖీ రోజున తలవంపులవుతుందని, ఆ పిచ్చిది ఈ పొద్దున్నుంచే నొప్పి అని చెప్పింది. ఆ అబద్ధం నమ్మి సర్జను ఆగాడు.

"ఇంకా ఉంది బాబాయ్. వద్దులే."

"ఉన్నదంతా చదవాలి."

"ఆపరేషన్ వివరాలు. అపెండిక్స్ చాలా ముందే పగిలింది. చీము కడుపంతా ఉంది. మత్తు ఇచ్చే ముందు మళ్ళీ అడిగాను. సోమవారం నుంచి నొప్పి ఉందని చెప్పింది. ఈ సంగతి భర్తకు చెప్పవద్దని నా చెయ్యి పట్టుకుని ప్రాధేయపడింది. 'ఆయనే మందు తెచ్చి ఇచ్చారు, తెలిస్తే ఆ మనిషి బతకడు' అన్నది. చెప్పనని మాట ఇచ్చాను."

కింద సర్జను సంతకం ఉంది.

మాట ఇచ్చినవాడు మాట మీద నిలబడ్డాడు. వరండాలో అంతమంది ముందు చంపేశావని అరిచినా ఒక్క ముక్క అనలేదు. కాగితం మీద మాత్రం నిజం రాసి, ఆ కాగితాన్ని ఈయన చేతుల్లోకే పంపించాడు. ముడి విప్పితే చాలు, ఆ రోజే తెలిసేది. విప్పలేదు. పైపెచ్చు పదేళ్ళు గోడ వైపు తిరిగాడు.

కట్టలాయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ పక్కలకు వేలాడేసి, తల దించుకుని, కదలకుండా ఉండిపోయాడు. పడిపోతాడేమోనని డాక్టరమ్మ కుర్చీ జరిపి దగ్గరికి వచ్చింది.

"కూర్చోండి బాబాయ్. నీళ్ళు తెస్తానుండండి."

"ఒక్క నిమిషం ఆగమ్మా. నిరుడు నిలబడాల్సింది, నిలబడలేదు."

ఆవిడకు అర్థమైందో లేదో, పక్కనే తనూ నిలబడింది. తర్వాత ఆయన కూర్చుని ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని భోరున ఏడ్చాడు. పదకొండేళ్ళ కిందట ఏడ్చినప్పుడు కోపం అడ్డంగా ఉండేది. ఇప్పుడు అడ్డం ఏమీ లేదు.

"ఇది లెక్కలో వెయ్యను బాబాయ్. చెదలు తినేసిందనే రాస్తాను" అంది డాక్టరమ్మ.

"వద్దమ్మా. నాలుగు వందల పన్నెండు ఉండాలి. నా గదిలో చెదలు లేవు." కండువాతో ముఖం తుడుచుకుని, గడుల కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "రాయండి. ఆడమనిషి. ముప్పై ఎనిమిది. నాలుగో రోజు."

ఆవిడ రాసింది. తర్వాతి గడి దగ్గర కలం ఆగింది. ఆలస్యానికి కారణం. ఆ గడిని ఆయనే నాలుగు చిన్న గడులుగా చీల్చాడు. దూరం. భయం. నాటువైద్యం. ఇంట్లో నమ్మలేదు.

"నాలుగోది వెయ్యనా బాబాయ్?" అని మెల్లిగా అడిగింది.

కట్టలాయన ఆ గడి వైపు చూశాడు. "అదీ కాదమ్మా. నమ్మాను. నొప్పి ఉందని నాకు తెలుసు. అది అబద్ధమాడే మనిషి కాదు. తీరిక లేదనుకున్నాను, అంతే. అరలు సర్దుకుంటున్నాను."

"దానికి గడి లేదు బాబాయ్."

"గీస్తాను" అన్నాడు.

స్కేలు పెట్టాడు. గీత తిన్నగా వచ్చింది. ఐదో గడి పైన 'తీరిక లేదనుకున్నారు' అని ఆయన చేత్తోనే రాశాడు. డాక్టరమ్మ దాని కింద ఒక గుర్తు పెట్టింది. పెట్టి, పక్కన దొంతరగా ఉన్న ఆడవాళ్ళ షీట్ల వైపు చూసి, పైనున్నది మళ్ళీ తన ముందుకు లాక్కుంది. 'ఇంట్లో నమ్మలేదు' అని తను గుర్తు పెట్టినవాటిలో ఎన్ని ఈ గడిలోకి రావాలో చూడాలి అనుకుంది కాబోలు.

కట్టలాయన తన భార్య షీటు కాగితాలు అంచులు కలిపి పేర్చాడు. డబ్బాలోంచి ఎర్రదారం తీసి, రెండు చుట్లు చుట్టి, రెండు ముళ్ళు వేశాడు. మూడో వరస, నాలుగో అర. అక్కడ రెండు షీట్ల మధ్య వేలెడు సందు పదకొండేళ్ళుగా అలాగే ఉంది, దాన్ని ఆయన ఎప్పుడూ పూడనివ్వలేదు. షీటును ఆ సందులోకి నెట్టాడు గానీ చెయ్యి వెంటనే తీయలేదు. వెనక డాక్టరమ్మ వింటుందన్న ధ్యాస కూడా లేకుండా, ఆ సోమవారం పొద్దున అడగాల్సిన మాట అడిగాడు.

"ఎప్పట్నుంచే నొప్పి? ఎక్కడా, చూపించు."